పాదం మోపని పాదం

పాదమంటే ముప్పైయైదేళ్ళపాటు నాకు పద్యపాదమే. గణాలు విడగొట్టడం, యతిస్థానం చూపించడం, ప్రాసాక్షరం కింద సుద్దముక్కతో గీత గీయడం – తెలుగు పండితుని పాదజ్ఞానం ఇంతకంటె దూరం పోదు. ఉద్యోగ విరమణ చేసి, అరవై దాటిన తరువాత మరొక పాదాన్ని గురించి తెలుసుకోవలసిన అవసరం కలిగింది. అది కుట్టుమిషను పాదం. సూదికి ఇరుపక్కలా గుడ్డమీద ఆనుకొని ఉండే ఆ చిన్న ఇనుపముక్కకు ఇంత చరిత్ర ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. తెలుసుకొన్నది మిత్రులతో పంచుకోకపోతే తోచని అలవాటు ఎటూ ఉన్నదే కనుక ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. మా అమ్మ కాలం చేసి రెండేళ్ళయింది. ఆవిడ కట్టి విడిచిన నేతచీరలు ఏడు ఇంట్లో మిగిలాయి. ముతక నూలువే అయినా, ఉతికి ఉతికి మెత్తబడి, వెలుతురుకు ఎత్తి పట్టుకొంటే అవతలి మనిషి కనిపించేటంత పలచబడ్డాయి. వాటితో మనవరాలికి ఒక బొంత కుట్టాలని మా శ్రీమతి సంకల్పం. బొంత అంటే పల్లెల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. పాతచీరలు మడతలుగా పరచి, పొరలన్నీ కలిసేలా వరుసలు వరుసలుగా చేతికుట్టు వేస్తూ పోతే తయారయ్యేది. సంస్కృతంలో కంథ అన్నది దీనినే. వంగదేశంలో ఆ మాట కాంథాగా నేటికీ నిలిచి ఉంది.

అయితే మా శ్రీమతి వేళ్ళకు కీళ్ళవాతం. నాలుగు పొరలలోంచి సూదిని తోసి, అవతల పట్టి లాగే శక్తి ఆ వేళ్ళకు లేదు. అందుచేత 1984లో కొన్న నల్లటి కాలిమిషనును మళ్ళీ తుడిచి, నూనె పోసి, దానిమీద కుట్టడానికి పూనుకొంది. ఆ రోజులలోనే వాళ్ళ అక్కగారు, మా వదినగారు, వచ్చి చూసి, “చేత్తో కుట్టనిది బొంత ఎట్లా అవుతుందే? పరుపుల కొట్లో అమ్మే దుప్పటి అవుతుంది గాని” అన్నారు. మా శ్రీమతి బదులు చెప్పలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర మాత్రం, “ఏమండీ, అక్క అన్నది నిజమేనంటారా?” అని అడిగింది. వెంటనే ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

కుట్టుమిషను చరిత్ర చెప్పేవారు సాధారణంగా సూది దగ్గర మొదలుపెడతారు. మొనలోనే బెజ్జం ఉన్న సూది, పైదారం కిందిదారం పెనవేసుకొనే లంకెకుట్టు – ఇవే ఘనమైన విషయాలుగా వర్ణిస్తారు. కాని నాకు తోచినంతలో అసలు చిక్కు సూదిలో కంటె గుడ్డలోనే ఉంది. చేతితో కుట్టేటప్పుడు కుడిచెయ్యి సూదిని నడిపిస్తుంది. ఎడమచెయ్యి గుడ్డను పట్టుకొంటుంది, బిగిస్తుంది, సర్దుతుంది, జరుపుతుంది. కుడిచేతి పనిని యంత్రానికి అప్పగించడం తేలికే. ఎడమచేతి పనిని ఎవరికి అప్పగించాలి? కుట్టుమిషను పాదం పుట్టుక ఈ ప్రశ్నలో ఉంది.

ఎలియాస్ హోవ్ అమెరికాలో 1846 సెప్టెంబరు 10న పేటెంటు పొందిన మిషనులో మనమెరిగిన పాదం లేదు. అందులో గుడ్డ నిలువుగా వేలాడుతుంది. ముళ్ళున్న ఒక లోహపు పట్టీకి దానిని గుచ్చి పెట్టేవారు. పట్టీ జరిగిన కొద్దీ గుడ్డ జరిగేది. పట్టీ పొడవు పూర్తి కాగానే మిషను ఆపి, గుడ్డను ఊడదీసి, మళ్ళీ గుచ్చుకోవలసిందే. వంపు తిప్పి కుట్టే వీలు లేదు. 1849లో జాన్ బాచెల్డర్ గుడ్డను బల్లపరుపుగా ఉంచి, ఎడతెగకుండా ముందుకు నడిపించే ఏర్పాటుకు పేటెంటు తీసుకొన్నాడు. 1851 ఆగస్టు 12న ఐజాక్ సింగర్ పొందిన పేటెంటుతో ఇప్పటి మిషను రూపం కంటికి కనబడుతుంది. గుడ్డ బల్లమీద పడుకొంది. సూది నిటారుగా పైనుంచి దిగింది. సూది పక్కన, స్ప్రింగు బలంతో గుడ్డను అదిమిపట్టే పాదం వచ్చి నిలిచింది. గుడ్డ మందమైతే పాదం ఆ మేరకు పైకి లేచి చోటిస్తుంది, పలచనైతే కిందికి దిగుతుంది.

సింగర్ మిషనులో గుడ్డను జరిపినది కిందనున్న గరుకు చక్రం. దానికంటె మేలైన ఉపాయం అలెన్ విల్సన్‌ది. 1854లో అతడు పేటెంటు పొందిన పద్ధతిలో పాదానికి సరిగ్గా కింద చిన్నచిన్న పళ్ళుంటాయి. ఆ పళ్ళు పైకి లేస్తాయి, గుడ్డను పట్టి ఒక కుట్టంత మేర జరుపుతాయి, కిందికి దిగుతాయి, గుడ్డను తాకకుండా మొదటిచోటికి వస్తాయి. ఈ నాలుగు కదలికల వరసే నేటికీ మన ఇళ్ళలోని మిషన్లలో నడుస్తున్నది. పైన పాదం, కింద పళ్ళు – ఈ రెండూ కలిసి ఎడమచేతి ఉద్యోగంలో చేరాయి. 1856లో ప్రధాన తయారీదారులు కోర్టు తగాదాలు మాని తమ పేటెంట్లను ఒక్కచోట కూడగట్టుకొన్నారు. అదే సంవత్సరం సింగర్ కంపెనీ వాయిదాల మీద అమ్మకం మొదలుపెట్టింది. తరువాత మిషను మధ్యతరగతి ఇళ్ళలోకి నడిచి వచ్చింది.

పాదానికి మరొక పని కూడా ఉంది. ఇది గ్రహించకపోతే తరువాతి కథ అర్థం కాదు. సూది కిందికి పూర్తిగా దిగి, పైకి లేవడం మొదలుపెట్టిన క్షణంలో దాని వెనక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కిందనున్న కొక్కెం ఆ ఉచ్చును అందుకొని, బాబిను దారం చుట్టూ తిప్పితేనే కుట్టు పడుతుంది. సూది లేచేటప్పుడు గుడ్డ కూడా దానికి అంటుకొని పైకి లేచిందనుకోండి. ఉచ్చు ఏర్పడదు, కొక్కెం ఉత్తచేతులతో తిరిగిపోతుంది, కుట్టు తప్పుతుంది. అలా లేవకుండా గుడ్డను అణచి ఉంచేది పాదమే. అంటే దానికి రెండు బాధ్యతలు: పళ్ళతో కలిసి గుడ్డను నడిపించడం ఒకటి, సూదితో లేవకుండా ఆపడం రెండవది.

సూటి కుట్టుకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయింది. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో అమెరికా గృహిణులు తమ క్విల్టుల మీద – క్విల్టు అంటే రెండు గుడ్డల మధ్య దూది పరచి కుట్టే వారి బొంత – మిషను కుట్లు అందరికీ కనబడేలా వేసుకొన్నారు. మిషను ఖరీదైన వస్తువు. ఇంట్లో అది ఉన్నదని చెప్పుకోవడానికి ఆ కుట్లు ఒక గుర్తు. సమాన దూరంలో వరుసలు వేయడానికి పాదం పక్కన బిగించే ఒక వంపుకడ్డీ కూడా మిషనుతోపాటు వచ్చేది. అయితే ఆ కుట్లు ప్రధానంగా గీతలూ గళ్ళే. తీగలు, పూలు, ఈకల వంపులు కావాలంటే బరువైన క్విల్టును అడుగడుగునా తిప్పాలి, పాదం దానిని నొక్కి ఉంచుతుంది, పళ్ళు తమ దారిన లాగుతాయి. అందుకే వంపుల పని ఎక్కువగా చేతికే మిగిలిపోయింది.

ఈ కట్టడినుంచి బయటపడే దారి కుట్టుపనిలోనే మరొక మూల ఉంది. మన ఊళ్ళలో మిషన్ ఎంబ్రాయిడరీ నేర్పే చోటికి వెళ్ళి చూసినవారికి అది తెలుసు. అక్కడి ఆడపిల్లలు పాదాన్ని మొత్తంగా ఊడదీసి పక్కన పెడతారు. గుడ్డను చెక్కరింగులో చర్మవాద్యంలా బిగించి, సూది కింద పెట్టి, రింగును రెండు చేతులతో ఎటు తిప్పితే అటు పువ్వు, ఎటు తిప్పితే అటు ఆకు వేస్తారు. పళ్ళు పనిచేయకుండా కిందికి దించుతారు, లేదా వాటిమీద ఒక రేకు కప్పుతారు. 20వ శతాబ్దపు తొలి దశకాలలోనే సింగర్ కంపెనీ ఈ విద్యను బోధించే పుస్తకం ప్రచురించింది. చినిగిన మేజోళ్ళకు, దుప్పట్లకు మిషను మీద రఫూ చేసే పద్ధతి కూడా దీనికి తోబుట్టువే. ఇక్కడ గుడ్డను నడిపించే పని యంత్రంనుంచి తిరిగి మనిషి చేతికి వచ్చింది. గుడ్డను అణచి ఉంచే రెండవ పనిని బిగువైన రింగు చేసిపెట్టింది.

ఇది చూసి మేము కూడా పాదం తీసివేసి కుట్టి చూశాం. అంతకుముందు మామూలు పాదంతో ప్రయత్నించినప్పుడు పైచీర ముందుకు జరిగి, అడుగుచీర వెనకబడి, మధ్యలో కుచ్చెళ్ళు పడ్డాయి. వంపు తిప్పబోయేసరికి అమ్మ చీరలలో ఒకటి జానెడు మేర చిరిగింది. ఆ చిరుగు చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. పాదం తీసివేస్తే చిరుగు బాధ తప్పింది గాని, నాలుగింట ఒక కుట్టు తప్పిపోవడం మొదలైంది. కారణం పైన చెప్పినదే. బొంత రింగులో బిగువుగా నిలవదు. సూదితోపాటు పొరలన్నీ పైకి లేస్తున్నాయి. మరొక పొరపాటు కూడా చేశాం. పాదం లేదు కదా అని వెనకనున్న పాదాన్ని దించే మీటను దించలేదు. ఆ మీట దించితేనే పైదారాన్ని పట్టే బిళ్ళలు బిగుస్తాయి. దించకపోతే దారం వదులుగా దిగి, అడుగున పక్షిగూడు కడుతుంది. పాదం ఉన్నా లేకున్నా మీట దించవలసిందే.

గుడ్డను నడిపించకుండా, లేవకుండా మాత్రం ఆపగల పాదం కావాలి. అటువంటిది రఫూ కోసం ఏనాడో తయారయింది. దాని నడుమ ఒక స్ప్రింగు, పక్కన ఒక చిన్న చెయ్యి ఉంటాయి. ఆ చెయ్యి సూదిని బిగించే మరమీద ఆనుకొంటుంది. సూది పైకి లేస్తే మర ఆ చేతిని ఎత్తుతుంది, పాదం గుడ్డమీదనుంచి లేస్తుంది. సూది దిగితే స్ప్రింగు పాదాన్ని దించుతుంది. కుట్టు పడే క్షణంలో మాత్రమే గుడ్డను తాకి, మరుక్షణం వదిలేస్తుంది. ఆ వదిలిన రెప్పపాటులో చేతులు గుడ్డను ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు.

మేజోళ్ళ చిరుగుల కోసం పుట్టిన ఈ పాదం బొంతల చరిత్రను మార్చింది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం పాత క్విల్టులను చిత్రపటాలవలె గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సంబరాలతో ఆ కళమీద మోజు మరింత పెరిగింది. ఈ మధ్యకాలంలోనే, 1974లో, నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన ఎర్నెస్ట్ హైట్ మిషను మీద క్విల్టింగు చేసే విధానాన్ని చిన్న పుస్తకంగా తెచ్చాడు. ఆయన ఇంజనీరింగు చదివిన రైతు. 1987లో హేరియట్ హార్‌గ్రేవ్ పళ్ళు దించి, రఫూ పాదం బిగించి, తీగలూ ఈకలూ కుట్టే పద్ధతిని వివరంగా గ్రంథస్థం చేసింది. చేతికుట్టులా కనిపించే పనిని మిషను మీద సాధించడం ఎలాగో చెప్పడం ఆ పుస్తకం ఉద్దేశం. అంటే అప్పటికింకా మిషను కుట్టు చేతికుట్టు వేషం వేసుకొనే సభకు రావలసి వచ్చింది.

రెండేళ్ళలో ఆ వేషం తొలగిపోయింది. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పాడూకా పట్టణంలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ జరిపిన పోటీలో కారల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ క్విల్టుకు అత్యుత్తమ బహుమతి వచ్చింది. సూర్యగ్రహణం దాని ఇతివృత్తం. మిషను మీద క్విల్టింగు చేసిన పనికి ఆ బహుమతి దక్కడం అదే మొదలు. వెంటనే పెద్ద వివాదం రేగింది. చేతితో కుట్టనిది క్విల్టు ఎట్లా అవుతుందన్నది ఆ వివాదం సారాంశం. ఇది చదివినప్పుడు నాకు మా వదినగారి గొంతే వినబడింది. పాడూకా ఎక్కడ, మా ఊరెక్కడ!

యంత్రం మీద చేతికి అనుమానం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో 1830లో పేటెంటు పొందిన తిమొన్యే అనే దర్జీ, సైనికుల దుస్తులకోసం పారిస్‌లో పెట్టిన మిషన్లను 1831లో తోటి దర్జీలే విరగ్గొట్టారు. వారి భయం కూటిభయం. దానిని తప్పు పట్టలేం. యంత్రాలను అంతగా నిరసించిన గాంధీజీ మాత్రం 1924లో యంగ్ ఇండియాలో అచ్చయిన ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. మనిషి అవయవాలను పనిలేనివిగా చేసే యంత్రం వేరు, ఒక మనిషి శ్రమను ప్రేమతో తగ్గించే యంత్రం వేరు అన్నది అక్కడ ఆయన చూసిన తేడా.

మా శ్రీమతికి నేను చెప్పిన సమాధానం కూడా దానికి దగ్గరిదే. మామూలు పాదంతో కుట్టినప్పుడు యంత్రం రెండు చేతుల పనీ చేస్తుంది. కుట్టు పొడవు దానిదే, దారి దానిదే. ఎగిరే పాదం బిగించి, పళ్ళు కప్పి కుట్టినప్పుడు యంత్రం కుడిచేతి పని ఒక్కటే చేస్తుంది. గుడ్డను నడిపించేది, వంపు తిప్పేది, కుట్టు చిన్నదా పెద్దదా అని నిర్ణయించేది నీ చేతులే. చెయ్యి వేగంగా కదిలితే కుట్టు సాగుతుంది, నెమ్మదిస్తే కుదించుకుపోతుంది. పద్యం విడిచి వచనకవిత రాసినవాణ్ణి లయ విడిచాడనడం ఎంత సబబో, ఇది చేతిపని కాదనడమూ అంతే సబబు. నీ వేళ్ళు చేయలేని పనిని మాత్రమే మిషనుకు అప్పగిస్తున్నావు.

ఇక ఏ పాదం కొనాలన్న ప్రశ్న. మేము మొదట తెచ్చిన పాదం మా మిషనుకు బిగియనే లేదు. పాదం అడుగునుంచి దానిని బిగించే మర మధ్యకు ఉన్న ఎత్తునుబట్టి పాదాలలో జాతులున్నాయి. ఇళ్ళలో వాడే చాలా మిషన్లకు ఆ ఎత్తు సుమారు అర అంగుళం, ఫ్యాక్టరీ మిషన్లకూ కొన్ని పెద్ద మిషన్లకూ సుమారు అంగుళం. కొన్ని పాత సింగర్ నమూనాలలో సూదికడ్డీయే ఏటవాలుగా ఉంటుంది, వాటి పాదం వేరు. కొలుచుకొని వెళ్ళకపోతే తిరిగి రావలసిందే.

జాతి కుదిరిన తరువాత ఆకారం. ముందు భాగం తెరిచి ఉన్న పాదంలో సూది పడేచోటు స్పష్టంగా కనబడుతుంది, గీసుకొన్న గీతమీద నడవడానికి అనుకూలం. అయితే దాని రెండు కొనలు అతుకుల అంచులలో, లేచిన దారాలలో చిక్కుకొనే ప్రమాదముంది. గుండ్రంగా మూసి ఉన్న పాదం అతుకుల మీదుగా జారిపోతుంది, చూపుకు మాత్రం కొంచెం అడ్డు. పారదర్శకమైన ప్లాస్టిక్ గుండ్రటి పాదంలో ఆ అడ్డు చాలావరకు తీరుతుంది. మందమైన గోడలాంటి అంచున్న పాదం ఇంకొకటుంది. దాని అంచుకు సూదికి మధ్య పావు అంగుళం. పక్కన ప్లాస్టిక్ కొలబద్దను ఆనించి కచ్చితమైన వంపులు వేయడానికి అది పనికివస్తుంది. పలచని మామూలు పాదం పక్కన ఆ కొలబద్దలు వాడరాదు. అవి పాదం కిందికి జారి, సూదిని విరుస్తాయి.

అమ్మ చీరలు పాతవి, పలచనివి, చిరుగుచోట మాసిక వేసినవి. అందుకని తెరిచిన పాదం కాదని, అర అంగుళం ఎత్తుగల గుండ్రటి ప్లాస్టిక్ పాదాన్నే ఎంచుకొన్నాం. పళ్ళమీద రేకు కప్పాం, 14 నంబరు సూది పెట్టాం. మొదటి కుట్టుకు ముందు బాబిను దారాన్ని పైకి లాగి, రెండు దారాలనూ పట్టుకొని మొదలుపెడితే అడుగున చిక్కు పడదు. సూది గుడ్డలో ఉండగా చెయ్యి గుంజితే సూది వంగి, పలకకు తగిలి విరుగుతుంది. మూడు సూదులు విరిగిన తరువాత కాలికీ చేతికీ పొత్తు కుదిరింది.

బొంత పూర్తి కావడానికి ఏడు వారాలు పట్టింది. మా వదినగారు వచ్చినప్పుడు దానిని తీసి చేతికిచ్చింది మా శ్రీమతి. ఆవిడ పైభాగం చూడలేదు. పనితెలిసినవారిలాగే తిరగవేసి అడుగు చూశారు. మాసిక వేసిన చోటికి వచ్చేసరికి తీగ వంపు కొంచెం తడబడి, మళ్ళీ సర్దుకొని ఉంది. అక్కడ వేలు ఆనించి, “ఇక్కడ నీ చెయ్యి వణికిందేమే?” అన్నారు.

చెయ్యి అన్నారు. మా శ్రీమతి నావైపు చూసింది. మరి ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మీ ఇళ్ళలో బొంతలు కుట్టిన అమ్మలు, అమ్మమ్మలు ఉండే ఉంటారు. ఈ ఎగిరే పాదానికి మీ వైపు దర్జీలు ఏ పేరు వాడుతారో, మీ ప్రాంతపు బొంతలలో కుట్ల వరుసలకు ఏమేం పేర్లున్నాయో తెలిసినవారు చెబితే రాసి పెట్టుకొంటాను. ఆ మాటలు తెలిసిన వేళ్ళు ఒకటొకటిగా విశ్రమిస్తున్నాయి. స్వస్తి.